మట్టి కోర్టులో సన్మానం

బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టిన సాహిరా ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడుతూ ఇటలీ దాకా వెళ్లింది. ఇంటికొస్తే తెల్లవారకముందే కాలనీలోని మట్టి కోర్టు తడిపి, రోలరు లాగి, సున్నంతో గీతలు తనే వేసుకుంటుంది. కుడి భుజం ఎడమదానికన్నా లావు. కోపమొస్తే గొంతు తగ్గుతుంది. మొన్న ఇటలీలో గెలిచి వచ్చిందని సన్మానం తలపెట్టిన కాలనీ పెద్దలు, పందిరి గుంజలు ఆ కోర్టులోనే పాతారు.

“ఏందన్నా ఇది? వారంలో మళ్లీ ఇటలీలో ఆడాల. ఇన్ని గుంతలు తీస్తే యాడ ప్రాక్టీసు చేసేది?”

“నీ కోసమే గదమ్మా! ఒక్క పూట ఓర్చుకో,” అన్నాడు కాలనీ పెద్ద విజయభాస్కర్, గునపం పక్కన పెడుతూ.

“నా కోసమైతే నన్నడిగుండాల.”

ముఖ్య అతిథి కారు దిగేసరికి ముందువైపు పందిరి ఒరిగిపోయి ఉంది. మైకులో సాహిరా పేరు పిలుస్తూనే ఉన్నారు. ఆమె రెండో గుంజను పెకలిస్తోంది.