రాళ్లు పొదిలిలో, స్ప్రింగులు గుంటూరులో

పొదిలి బస్టాండు వెనక ఇమాం హుస్సేన్‌కు చిన్న వెల్డింగ్ షాపు ఉండేది. ఎనభై మూడులో ఓ పొద్దున ఆదెయ్య అనే రైతు ఎడ్లతో చేలో కలుపు తీసే గుంటక విరిగితే తెచ్చి గుమ్మంలో పడేశాడు.

"ఈ ఏడు ఇది మూడోసారి హుస్సేనూ. మా చేలో మట్టికంటే రాళ్లే ఎక్కువ. పాస రాయికి తగలడం, పుటుక్కున విరగడం. ఏదన్నా చెయ్యవయ్యా."

హుస్సేన్ నాలుగు రోజులు దాంతోనే కూర్చున్నాడు. రాయి తగిలితే నేలను కోసే ఆ ఇనప పాస వెనక్కి వంగాలి, దాటగానే మళ్లీ నేలలో దిగాలి. లారీ కమాను పట్టీ ముక్క బిగించి చూస్తే మరీ బిర్రుగా ఉంది. చుట్ట స్ప్రింగు కావాలి. అది గుంటూరులో తప్ప దొరకదు.

బస్సులో పోను అయిదు గంటలు, రాను అయిదు గంటలు. తెచ్చింది ఆదెయ్య చేలో కట్టి చూస్తే మెత్తనైంది. మళ్లీ వెళ్లాడు. ఈసారి గట్టిదైంది. అయిదోసారి వెళ్లొచ్చేసరికి చేలల్లో ఆ ఏటికి గుంటక పనే అయిపోయింది.

"ఎన్నాళ్లు తిరుగుతావయ్యా? ఇక్కడికే వచ్చెయ్యి, నా దగ్గర పని చేసుకో" అన్నాడు గుంటూరు లేతు షాపు వెంకటనారాయణ. ఆ వీధిలో స్ప్రింగులు చుట్టేవాడు ఎదురుగా, పోత పోసేవాడు పక్కనే. కేకేస్తే సామాను చేతికొచ్చేది. అది చూసినప్పుడల్లా హుస్సేన్‌కు ఏడుపొచ్చినంత పనయ్యేది.

మంచం పట్టిన తల్లిని వదిలి కదలలేనంది భార్య జోహరాబీ. ఒక్కడే వెళ్లి ఆర్నెల్లు చేశాడు. పొద్దున అనుకున్న స్ప్రింగు మధ్యాహ్నానికి తయారు. కానీ పరీక్షకు తీసుకెళ్లిన గుంటూరు దగ్గరి ప్రత్తిపాడు నల్లరేగడిలో వెతికినా రాయి లేదు. ఏ స్ప్రింగు పెట్టినా గుంటక హాయిగా సాగిపోయింది. ఏది పనికొస్తుందో తేలక, చేసిన గుంటక వెంకటనారాయణ దగ్గరే వదిలేసి ఇంటికొచ్చేశాడు.

మరుసటి ఏడు పొదిలి బజార్లో లారీలోంచి ఎర్రరంగు గుంటకలు దించారు. అన్నిటికీ స్ప్రింగులే. అన్నీ వెంకటనారాయణ షాపులో చేసినవే.

"నీదే గదా ఇది? వెళ్లి గట్టిగా అడగరాదూ?" అన్నాడు ఆదెయ్య.

"అడిగితే రేపట్నుంచి నాకు స్ప్రింగులు ఎవరిస్తారు ఆదెయ్యగారూ?"

నెల తిరక్కుండానే రాళ్ల దెబ్బకు ఆ స్ప్రింగులు సాగి వదులైపోయాయి. రైతులు వరసబెట్టి హుస్సేన్ షాపుకే తెచ్చారు. వాళ్ల చేలల్లోనే కట్టి కట్టి చూసి, ఎంత బిర్రుండాలో అతనొక్కడే తేల్చుకున్నాడు. చీటీ రాసి గుంటూరు బస్సు కండక్టరుకిచ్చేవాడు. సరుకు రాకపోతే మర్నాటి బస్సు కోసం మళ్లీ బస్టాండులో నిలబడేవాడు.

ఓ మధ్యాహ్నం జోహరాబీ అన్నం తెచ్చేసరికి అతను గోడమీద బొగ్గుతో బొమ్మ గీస్తున్నాడు. మిరప సాళ్ల వెడల్పును బట్టి సర్దుకునే గుంటకట.

"బావుందండీ. చేస్తారా?"

"దీనికి మరలు కోసిన పొడుగాటి బోల్టు కావాలి. లేతు మీదే తియ్యాలి. లేతు గుంటూరులోనే ఉంది."

ఆమె అన్నం గిన్నె మూత తీసింది. హుస్సేన్ బొగ్గు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని అన్నం ముందు కూర్చున్నాడు.