చిన్నమ్మ అడిగిన రక్తం

మా చిన్నమ్మ పోయింది. పలాసలో డయాలసిస్ మధ్యలోనే గుండె ఆగిందని చిన్నాన్న ఫోన్ చేశాడు. చెప్పి, "వత్తావేటి?" అన్నాడు. అంతే. ఇంటింటా కిడ్నీ జబ్బు ఉన్న వజ్రపుకొత్తూరు వైపు మా ఊళ్ళలో ఇలాంటి కబురుకి ఎవరూ ఉలిక్కిపడరు. నేనూ పడలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టనిపించింది.

ఆవిడ మా అమ్మ చెల్లెలు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచేది. కిడ్నీలు పాడయ్యాక మానేసింది. నేను టెక్కలిలో డిగ్రీ చదివి, ఈ జబ్బు ఎందుకొస్తోందో వెతికే ఒక పరిశోధన బృందంలో చేరాను. ఇంటింటికీ తిరిగి పరీక్షలకి రక్తం తీసుకోవడం నా పని. మొదటి రోజే ఒక ముసలాయన గుమ్మంలో నిలదీశాడు.

"ఇంతకు ముందు అట్టుకెల్లిన రగతం ఏటైపోనాదమ్మీ? ఒక్కడైనా తిరిగొచ్చి సెప్పినాడా?"

సాయంత్రం ఆ మాట చిన్నమ్మకి చెప్పాను. మర్నాడు చిన్నమ్మ నా వెంట బయల్దేరింది.

డయాలసిస్ లేని రోజుల్లో వచ్చేది. కాస్త నడిచి, ఏదో ఒక అరుగు మీద కూలబడి, ఆ ఇంటివాళ్ళతోనే మొదలుపెట్టేది. డయాలసిస్ సూదుల కోసం ఆవిడ ఎడమచేతిలో ఆపరేషన్ చేసి నరాలు కలిపారు. అక్కడ చర్మం కింద రక్తం జుమ్మని అదురుతూ ఉండేది. ఎదుటివాళ్ళ వేళ్ళు లాక్కుని దానిమీద పెట్టేది.

"సూడు, మోటారు తిరుగుతోందా? ముందే సూపించుకునుంటే ఇంకొన్నేళ్ళు ఇది లేకండా గడిసీది. నువ్వూ బిగించుకుంతావేటి?"

జనం నవ్వేవాళ్ళు. నవ్వుతూనే చెయ్యి చాపేవాళ్ళు.

ఫలితాలు వచ్చాక ప్రతి గడపకీ వెళ్ళి చెప్పాల్సిందేనని ఆవిడ పట్టు. "బాగున్నోడికీ సెప్పాల. ఆడికి మాత్రం బయం నేదేటి?" అనేది. జబ్బుకి కారణం నీళ్ళా, ఎండా, పురుగుమందులా, వంశమా అని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో తెలియక నేను నసుగుతుంటే, "తేల్నేదన్న ముక్కే సెప్పు. మొకం సాటెయ్యకు" అని గదిమేది.

ఊరు ఇచ్చింది. ఇంట్లో చిన్నాన్న ఇవ్వలేదు. ఆయన జీడితోటల్లో కూలికెళతాడు. సాయంత్రం చెప్పులు విప్పితే వాచిన పాదాల మీద లోతుగా అచ్చులు పడుతున్నాయని చిన్నమ్మే కనిపెట్టింది.

"మావా, సూది గుచ్చితే సచ్చిపోవు. పిల్ల వాకిట్లో నిలబడింది, ఇయ్యి."

"నువ్వొక్కదానివి సాల్దేటి మనింటికి? నాకూ ఉందని తేలితే నిన్ను పలాస ఎవుడు తీసుకెల్తాడు? మీ బాబొత్తాడా?"

"మా బాబు పోనాడు కదా. ఆడికీ ఇదే జబ్బు."

చిన్నాన్న లేచి బండి తుడవడం మొదలుపెట్టాడు. ఆ బండి మీదే ఆవిణ్ణి ఆసుపత్రికి తిప్పేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ నిలవలేక వాలిపోయేది. జారిపోకుండా తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని తెచ్చేవాడు. రోగి అవడానికి ఆయనకి వీల్లేదు.

చిన్నమ్మ మాత్రం మానలేదు. కంచంలో అన్నం పెడుతూ అడిగేది, వీపు రుద్దుతూ అడిగేది. ఆఖరిసారి నేను వెళ్ళినప్పుడు మంచం మీంచే అంది: "నాను పోతే మీ సిన్నాన్నకి సాకుండదమ్మీ. అప్పుడడుగు."

పెద్దకర్మ అయిన మర్నాడు బడి వరండాలో మా బృందం కూర్చుంది. అడగాలని ఉదయమంతా అనుకున్నాను. వచ్చినవాళ్ళ రక్తం తీస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నానికి చిన్నాన్నే వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"ఏ సెయ్యమ్మీ?"

"ఏదైనా పర్లేదు చిన్నాన్నా."

సూది దిగుతుంటే గేటు వైపు చూశాడు. దూది పెట్టి, చెయ్యి మడిచి నొక్కి పట్టుకోమన్నాను. ఫలితం నేనే ఇంటికొచ్చి చెబుతానన్నాను. తలూపి, బల్ల చివరికి జరిగాడు. ఆయన తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చి ఇచ్చి వెళ్ళిపోయారు.

"రక్తం ఆగిపోయుంటుంది చిన్నాన్నా, ఇంక వెళ్ళొచ్చు."

"ఎక్కడికెల్లాల?" అన్నాడు.

ఆ రోజు చిన్నమ్మ డయాలసిస్ రోజు. మేం సామాను సర్దుకుంటున్నాం. వరండా నీడ ఆయన్ని దాటి గోడ వైపు జరిగిపోయింది. ఎండ మొహాన పడుతున్నా, బల్ల చివర అలాగే కూర్చున్నాడు, మడిచిన చెయ్యి విప్పకుండా.