గాలి తగలకూడదు

ఓపల్ రాట్లిఫ్ కాల్చిన మొక్కజొన్న రొట్టె తిని మా కెంటకీ కొండల్లో రెండు తరాల పిల్లలు పెద్దవాళ్లయ్యారు. బడి వంటగదిలో పొయ్యి ఆమెది, గిన్నెలు నావి. దవడన పొగాకు పొడి లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. మనిషి మంచిదే, కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

పళ్ల డాక్టరు ఆ దవడ లోపల తెల్లమచ్చ చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఫలితం చెప్పే రోజు ఆమె కూతురు లోర్నా, నేను తోడు వెళ్లాం. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"నోటి పైపొర కింద పలచటి తెర ఉంటుందమ్మా. మీ కణాలు చెడ్డాయి, కానీ ఆ తెర ఇంకా దాటలేదు. ఇప్పుడు కోసేస్తే పోతుంది. దాటిందంటే లోపలికి చొచ్చుకుపోతుంది, మెడలోకి, ఊపిరితిత్తుల్లోకి పాకుతుంది."

"అయితే క్యాన్సరు కాదన్నమాట," అంది ఓపల్.

"గడప దాటని క్యాన్సరు."

ఇంటికొస్తుంటే కారులో తేల్చేసింది. "నేను కోయనివ్వను. మా అమ్మ నిక్షేపంగా తిరిగేది. పొట్ట కోశారు, గాలి తగిలింది, ఒళ్లంతా పాకింది. నెల తిరక్కుండా పోయింది."

మావైపు ఈ మాట నమ్మనివాళ్లు తక్కువ. "మీ అమ్మకు కోసేసరికే పొట్టంతా పాకి ఉందే. అందుకే మళ్లీ కుట్టేసి పంపారు," అన్నాను. వింటేనా.

"ఒసే, నీ నోట్లోకి పొద్దస్తమానం గాలి పోతూనే ఉందిగా. అసలు అది మూసేదెప్పుడని?" అన్నాను.

లోర్నా నవ్వింది. ఓపల్ కూడా నవ్వింది. "పైన తోలుందిగా. అది చీరితేనే ముప్పు. ఆ ముక్కైనా తీయనివ్వడం నాదే పొరపాటు."

"నా వీపు మీది గడ్డ తీశారు. నాకేమైంది?"

"నీది ఉత్త కొవ్వు ముద్ద. ఎన్నేళ్లయినా ఉన్నచోటే పడుంటుంది. నాది అలాంటిది కాదని ఆవిడే అంది. తేనెతుట్టెను చేతులారా కదుపుతానా?"

డాక్టరమ్మ చెప్పిందంతా ఆమెకు బాగానే అర్థమైంది. అర్థమయ్యే అడ్డదారి పట్టింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే.

పొగాకు మాత్రం మానేసింది. చలికాలానికి మచ్చ పుండైంది. లవంగనూనె రాసుకుని వంటకొచ్చేది. తర్వాత మెడలో బిళ్ల కట్టింది, రాయిలా. "నొప్పి లేదుగా, మంచిదేలే," అంటూ వచ్చినవాళ్లందరి చేతా తడిమించింది. దవడ బిగుసుకుని చెంచా కూడా దూరనప్పుడు, లోర్నా కాళ్లమీద పడి ఏడిస్తే, ఒప్పుకుంది.

సగం దవడ, మెడ బిళ్లలు తీశారు. తీసిన బిళ్లలన్నింట్లోనూ అదే ఉంది. ఊపిరితిత్తుల్లో అప్పటికే మచ్చలున్నాయి. ఇంటికొచ్చాక మాట లేదు, తిండి గొట్టంలోంచే. పగలంతా కుట్ల మీద తువ్వాలు అదిమి పట్టుకుని కూర్చునేది, గాలి తగలకుండా. నేను చూడలేక బయటికొచ్చి ఏడ్చేదాన్ని. వేసవి రాకముందే పోయింది.

ఖననం అయ్యాక చర్చి హాలులో భోజనాలు. ఆమె మరిది డెన్వర్ పళ్లెం ముందు కూర్చుని, "కత్తి పడకముందు నడిచింది, తిరిగింది. కోశారు, పోయింది," అన్నాడు. అందరూ తలలూపారు.

"కోయకముందే బిళ్ల కట్టింది. మీరంతా తడిమారు కూడా," అన్నాను. ఎవరో బంగాళాదుంపల గిన్నె నావైపు జరిపారు.

గిన్నెలు కడుగుతుంటే లోర్నా వచ్చింది. నా తడిచెయ్యి తుడిచి, కోటు లోపల తన రొమ్ము పక్కన ఆనించింది. వేళ్లకు గట్టిగా తగిలింది.

"ఎప్పట్నుంచే?"

"క్రిస్మస్ నుంచి."

"రేపే పోదాం. ముక్క తీసి చూస్తారు. నా వీపు గడ్డలా ఉత్తిదే కావచ్చు."

"వస్తాను పిన్నీ. ఎక్స్‌రే ఫొటో తీయించుకుంటాను. ముక్క మాత్రం తీయనివ్వను," అని కోటు గుండీలు పెట్టుకుంది.