పోసిన నీళ్లు, వినని బటన్

ఆ రోజు ఒక మంచి ఆటలోంచి అన్నిటికన్నా మంచి గదిని తీసేయమని చెప్పింది నేనే. కోపంలో చెప్పలేదు. డ్యూటీ మధ్యలో చాయ్ తాగుతూ, ఎంతో తెలిసినవాడిలా వాయిస్ మెసేజ్ పెట్టాను.

ఆట చేసినామె మామిడిపల్లిలో మా పై వాటాలో కిరాయికి ఉంటుంది. పగలు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. రెండేళ్లుగా మిగిలిన సమయమంతా ఈ ఆటకే పెట్టింది. ఆ సాయంత్రం ఆరు గంటలలోపు దాన్ని ఒక ప్రదర్శనకు పంపాలి. ఎంపికైతే పదిమంది చేతుల్లోకి వెళుతుంది, లేకపోతే ఆమె కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. ముందు రోజు అరచేతుల్లో పట్టే చిన్న గేమ్ మెషీన్‌లో ఎక్కించి నాకిచ్చింది.

"మా కాలేజోళ్లు ఆడి ఆడి పండిపోయిన్రు భయ్యా. నీ లెక్క ఎన్నడు ఆడనోళ్లు ఆడాలె. యాడ ఆగిపోతవో జర చెప్పు, చాలు" అంది.

ఆటలో ఒక ముసలి భిస్తీ ఉంటాడు. తోలు సంచిలో నీళ్లు మోసుకుంటూ కింది బావి నుంచి కోట పైకి ఒక్కో గదీ ఎక్కాలి. సంచి నిండుగా ఉంటే బరువుకు పైకి ఎగరలేడు, కొద్దిగా దూకగలడంతే. ఖాళీ చేస్తే ఎగరగలడు గానీ పైకి నీళ్లు చేరవు. ఉన్న నియమం అంతే. అంత చిన్న నియమంలోంచి ఆమె ఎన్ని చిక్కులు పుట్టించిందో! పొద్దున స్టాఫ్ బస్సులో రెండు గదులు దాటాను. ఎయిర్‌పోర్ట్ వచ్చిన సంగతి కూడా తెలియలేదు. వెనక సీటాయన భుజం తట్టి లేపాడు.

మూడో గదిలో ఒక ఎండిన తొట్టి, దానిలో ఒక పీపా, చాలా ఎత్తులో ఒక గట్టు ఉన్నాయి. బ్రేక్ అంతా దానికే పోయింది. ఒకసారి నీళ్లు నేలపాలయ్యాయి, ఒకసారి భిస్తీ తొట్టిలో పడ్డాడు. చివరికి ఆమెకు మెసేజ్ పెట్టాను: "మూడో గది ఎవరితోని కాదు బహెన్. తీసెయ్యి. ఆట బాగుపడతది."

"ఠీక్ హై భయ్యా. నువ్వు చెప్పినవంటే తీసేస్త" అని జవాబు వచ్చింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక, నా మాటే నిజమని చూపించడానికి మెషీన్ మా ఆవిడ ముందు పెట్టి, భిస్తీ నియమం చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు వలుస్తోంది.

"ఆ తొట్టిల నీళ్లు పొయ్యి. పీపా తేలుతది. దాని మీదికెల్లి గట్టెక్కు" అంది, చేతిలో పని ఆపకుండానే.

"సంచి ఖాళీ అయితది గద! పైకి ఏం తీస్కపోతడు?"

"పోసిన నీళ్లు యాడికి పోయినయి? కిందనే ఉన్నయి గద. గట్టు మీదికెల్లి మల్ల ముంచుకో."

పోసిన నీళ్లే మనిషిని పైకి లేపుతాయి, పైకెక్కాక అవే మళ్లీ సంచిలోకి వస్తాయి. ఎంత అందమైన ఆలోచన! పైగా పొద్దున నేనూ తొట్టిలో నీళ్లు పోయాలనే అనుకున్నాను. కానీ పోయడానికీ ఎగరడానికీ ఒకటే బటన్. తొట్టి అంచున నిలబడి నొక్కితే పోస్తాడు, అడుగు వెనక ఉంటే దూకుతాడు. అదీ నొక్కిన క్షణం తర్వాత. నేను పొయ్యమంటే వాడు దూకాడు. ఆ దారి కాదని ఆటే చెబుతోందనుకుని, సరైన ఆలోచనను నేనే వదిలేశాను.

"బటన్ ఇంటలేదు" అన్నాను మెల్లగా.

"మరి గా మాట చెప్పక గది తీసెయ్యమన్నవా? నల్లా బిగుసుకుంటే ఇల్లు కూలగొడ్తవా ఏంది?"

విమానాశ్రయంలో సామాన్ల ట్రాలీలను లాగే బండి నడుపుతాను నేను. ప్రతి షిఫ్ట్‌లో ట్రాలీలు తగిలించే ముందు బండిని ఖాళీగా ఒక చుట్టు తిప్పి, బ్రేక్ వెంటనే పడుతోందా, స్టీరింగ్ చెప్పిన మాట వింటోందా అని చూస్తాం. వినడం ఆలస్యమైతే బండి పక్కన పెట్టి, లోపం ఏమిటో రాసిస్తాం. ఇన్నేళ్లలో సామాన్ల బరువు తగ్గించమని నేనెప్పుడూ రాయలేదు. ఆమె ఆట దగ్గర మాత్రం ఆ పనే చేశాను. ఎక్కడ ఆగిపోయానో చెప్పమని ఆమె అడిగితే, ఏది తీసేయాలో చెప్పాను. ఓడిపోయానన్న సిగ్గును సలహాగా మార్చి పంపాను.

పైకి వెళ్లేసరికి మూడయింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తప్పయింది బహెన్. గది చాన మంచిగుంది. బటన్ కాడ నా చెయ్యి ఆగింది, తప్పు గది మీద పెట్టిన" అని, బటన్ సంగతంతా చెప్పాను.

ఆమె కుర్చీ నా వైపు తిప్పింది. "ఆ గది తీసేసి ఏడ్సిన భయ్యా. నీ మీద గుస్సాతోని నీ ఇంటి ముంగట చెప్పులు గూడ తన్నిన."

"పాతది ఉందా?"

"ఉంది. పారెయ్యబుద్ధి కాలే. బటన్లు రెండు చేసుడు గంట పని. కని మార్చినంక అన్ని గదులు మల్ల ఎవరు ఆడి చూస్తరు? ఆరింటికల్ల పంపాలె."

"నేనాడత. ఏం తీసెయ్యాల్నో మాత్రం చెప్ప."

ఆమె మార్చింది. నేను వాళ్ల గుమ్మం దగ్గర కూర్చుని, కాగితం పక్కన పెట్టుకుని మొదటి నుంచి ఆడాను. ఆగిన ప్రతిచోటా ఎన్నో గదో, దాని పక్కన చెయ్యి ఆగిందా ఆలోచన ఆగిందా అని మాత్రం రాశాను. చెయ్యి అని రాసినవన్నీ ఆమె వెంటనే సరిచేసింది. మూడో గదిలో పీపా తేలి, భిస్తీ గట్టు మీదికెక్కి వంగి నీళ్లు ముంచుకుంటుంటే నాకే దాహం తీరినట్టయింది. ఆరుకు పావుగంట ఉందనగా చివరి గదిలో ఇరుక్కున్నాను. బటన్లు చెప్పినట్టే వింటున్నాయి. దాని పక్కన "ఆలోచన ఆగింది, అదీ నాదే" అని రాసి కాగితం ఇచ్చాను. ఆమె చదివి, ఆ గదిని ఉన్నది ఉన్నట్టే ఉంచి ఆట పంపింది.