రాజేశ్వరక్క వేసవి సెలవులు

నిన్న మధ్యాహ్నం మా ట్రావెల్స్ ఆఫీసుకి ఒక జంట చిన్న పిల్లవాడిని ఎత్తుకుని వచ్చారు. పిల్లవాడిది కొత్త గుండు. దాని మీద పూసిన గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు. ఏసీ గది తలుపు మూసుకోగానే ఆ వాసన నా బల్ల దాకా వచ్చింది. తిరుపతిలో గంధం పూసిన గుండు వింతేమీ కాదు, రోడ్డు దాటేలోపు నలుగురు కనిపిస్తారు. కానీ మా ఆఫీసు గదిలో ఆ వాసన వచ్చిందంటే నాకు రాజేశ్వరక్క గుర్తుకు రావలసిందే. వాళ్లు వచ్చే నెల బాలి వెళ్లి సముద్రం ఒడ్డున రిసార్టులో ఉండాలనుకుంటున్నామని చెప్పారు. నేను తేదీలు అడగలేదు, బడ్జెట్ అడగలేదు. "మొక్కులేమైనా ఇంకా మిగిలి ఉన్నాయా?" అని అడిగాను. ఆయన నవ్వి, "బీచికి పోయేదానికి మొక్కులెందుకు మేడమ్?" అన్నాడు. అందరూ అలాగే నవ్వుతారు. ఆ ప్రశ్న నాది కాదు, రాజేశ్వరక్కది. ఆమె పోయి రెండేళ్లు దాటింది.

రాజేశ్వరక్క మా ఓనరు. మేడమ్ అని పిలిస్తే తల తిప్పి కూడా చూసేది కాదు, అక్కా అంటేనే పలికేది. భర్తకు గుడి ఆఫీసులో గుమస్తా ఉద్యోగం. ఈమె యాత్రికులను కాణిపాకం, కాళహస్తి తిప్పే వ్యాన్లతో వ్యాపారం మొదలుపెట్టింది. ఏటా వచ్చే కుటుంబాలవాళ్లే, "అక్కా, దేవుళ్లందర్నీ చూపిస్తివి. ఒగసారి పిలకాయల్ని విమానం ఎక్కించగూడదా" అని పోరు పెడితే విదేశీ ప్రయాణాల్లోకి దిగింది. నేను డిగ్రీ అయ్యాక అక్కడ పనిలో చేరి, ఏర్పేడు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. మనుషుల్ని విదేశాలకు పంపే ఆఫీసు అనగానే మా నాయనకు నమ్మకం కుదరలేదు. చూసి వస్తానని ఒకరోజు నా వెంటే వచ్చాడు. అక్క ఆయనకు కాఫీ ఇప్పించి, "పాప పొద్దున్నే తినే బస్సెక్కతా ఉండాదా, ఊరికే వస్తా ఉండాదా?" అని అడిగింది. అంతే, మా నాయన ఇంకేమీ విచారించలేదు. ఇంటికొచ్చి మా అమ్మతో, "ఆయమ్మ మంచిదే. దీని తిండి గురించి అడిగింది" అన్నాడు.

తిండి గురించి అడగడం ఆమె పద్ధతిలో ఒక భాగమని నాకు తర్వాత తెలిసింది. పిల్లలతో ఎవరైనా వస్తే ఆమె పెద్దవాళ్లను పక్క సోఫాలో కూర్చోమని, పిల్లల్ని తన ఎదురుగా ఉన్న కుర్చీలో ఎక్కించేది. కాళ్లు నేలకు ఆనని ఆ కస్టమరుతోనే మాటలు మొదలయ్యేవి. ఏం తింటావు, మధ్యాహ్నం పడుకుంటావా, కారెక్కితే వాంతి అవుతుందా, నీళ్లంటే భయమా. పిల్లలు చెప్పేవి చెప్పేవారు, కొందరు చెప్పకుండా బల్ల కిందకి దూరేవారు. తల్లిదండ్రులు ఓపిక పట్టలేక ఫోన్లో స్విమ్మింగ్ పూల్ ఫొటోలు చూపించబోతే, "ఉండప్పా, నీ దగ్గరికే వస్తా ఉండా" అనేది. వాళ్లు వెళ్లాక నాతో, "సూడు మే, ఆ గుంపులో అందరికంటే చిన్నోడు ఎవుడుంటే సెలవలు వాడివి. వాడు ఏడస్తా ఉంటే పెద్దోళ్లకు సముద్రం కనపడదు" అంది. చెన్నై విమానాశ్రయానికి ఏ వేళకు బయల్దేరితే పిల్లవాడు కారులో నిద్రపోతాడో చూసుకుని, దాన్ని బట్టి విమానం ఎంచేది. నేను తక్కువ ధర ఎక్కడుందా అని వెతుకుతుంటే ఆమె అలలు తక్కువ ఎక్కడున్నాయా అని వెతికేది.

ఒకసారి చిత్తూరు నుంచి ఒక జంట మాల్దీవులకు వెళ్లాలని వచ్చారు. నీళ్ల మీద కొయ్య స్తంభాలెత్తి కట్టిన గది కావాలని, అది తప్ప ఏదీ వద్దని పట్టుబట్టారు. అప్పుడప్పుడే పరుగులు నేర్చిన పిల్లవాడు మా ఆఫీసు కుర్చీల మధ్య తిరుగుతున్నాడు. అక్క కాదనలేదు. "మీ వోడు మీకంటే ముందే నిద్ర లేస్తాడా?" అని అడిగింది. "శానా ముందే లేస్తాడక్కా, లేసి ఇల్లంతా తిరగతాడు" అని తల్లి మురిసిపోతూ చెప్పింది. "అట్ల లేసి ఆ తలుపు తీసినాడనుకో. బయట ఏముండాది?" అంది అక్క. మెట్లు, వాటి కింద సముద్రం. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇసుక మీద, చెట్ల నీడలో ఉన్న గది తీసుకున్నారు. అలాంటి గదుల మీద మాకు మిగిలేది తక్కువని నేను గొణిగితే, "బిడ్డ తిరిగొస్తే మళ్లా వాళ్లే వస్తారు పోమ్మే" అని నా నోరు మూయించింది.

ఇన్ని అడిగే మనిషి ఒక్కటి అడగడం మరిచింది. ఐరాల దగ్గర మామిడి తోటలున్న చెంగల్రాయుడు భార్యనీ ఇద్దరు కొడుకుల్నీ తీసుకుని మలేషియాలో లంకావి ద్వీపానికి బయల్దేరాడు. వాళ్ల వంశంలో ఎవరూ విమానం ఎక్కలేదు. పాస్‌పోర్టు ఆఫీసులో ఏదో కాగితం దగ్గర ఆగిపోతే, ఈ ప్రయాణం ఆటంకం లేకుండా జరిగితే కొండకొచ్చి తలనీలాలిస్తామని మొక్కుకున్నాడట. పాస్‌పోర్టులు చేతికి రాగానే, ఇంకా ప్రయాణం జరగకముందే, మొక్కు తీర్చేశాడు. టికెట్లు తీసుకోవడానికి నలుగురూ మా ఆఫీసుకి వచ్చినప్పుడు మూడు గుండ్లు మెరుస్తున్నాయి. అతని భార్య మాత్రం మూడు కత్తెర్ల జుట్టు ఇచ్చి వచ్చింది. ఎల్లుండే ప్రయాణం, వెళ్లేది మండే ఎండలో ఇసుక మీదికి. అక్క ఇవ్వబోతున్న టికెట్లు బల్ల మీద పెట్టేసి ఆ గుండ్ల వంక చూసింది.

"తొందరెందుకప్పా చెంగల్రాయుడూ, తిరిగొచ్చినాక ఇచ్చుంటే సామి వద్దంటాడా?" అంది. "దేవుడి బాకీ పెట్టుకోని సముద్రం దాటేది బాగుండదు కదక్కా" అన్నాడతను. తేదీ మార్చడానికి వీల్లేదు. అక్క అప్పటికప్పుడు నన్ను వెంటబెట్టుకుని బజారుకి వెళ్లి, మెడ దాకా వచ్చే నూలు టోపీలు పిల్లల తలలకు సరిపోయేవి ఏరి కొన్నది. సూర్యుడు పైకి రాకముందు ఒకసారి, దిగిపోయాక ఒకసారి, ఆ రెండు వేళల్లో తప్ప ఒడ్డుకి పోవద్దని తల్లికి మరీ మరీ చెప్పింది. అంత చేసినా, అక్కడికి వెళ్లిన మర్నాడే చిన్నవాడు టోపీ విసిరేసి అలల వెంట పరిగెత్తాడు. తల్లి పట్టుకునేలోపే లేత నెత్తి కందిపోయింది. సాయంత్రానికి బొబ్బలు లేచాయి. డాక్టరు వచ్చి మందు పూసి, ఇక ఎండలోకి వద్దన్నాడు. సెలవుల్లో మిగిలిన రోజులన్నీ నలుగురూ గదిలో కూర్చుని కిటికీలోంచి సముద్రం చూశారు.

అక్క రోజూ ఫోన్ చేసేది. చెంగల్రాయుడు ఒక్క మాట అనలేదు. "బాగుండాదక్కా, గది సల్లగా ఉండాది" అనేవాడు. ఆ మాట వినలేక ఆమె ఫోను నాకిచ్చేది. ఒకరోజు చిన్నవాడే ఎత్తి, "పెద్దమ్మా, నేను సముద్రం తాగినా, ఉప్పగా ఉండాది" అన్నాడు. ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "తిరపతిలో కూసోని సెలవలు అమ్మతా, గుండు మాట అడగలేదే మే నేను" అంది. ఆ తర్వాత మా ఆఫీసులో దేశం పేరు కంటే ముందు మొక్కు మాటే వచ్చేది. పుట్టువెంట్రుకలు తీయని బిడ్డయితే, ముందు అవి ఇచ్చి రండి, తల మీద నీడకు సరిపడా జుట్టు వచ్చాక సముద్రానికి పోదురుగాని అని చెప్పి పంపేది. మొక్కు వాయిదా పడేదయితే తిరిగొచ్చాక పెట్టుకోమనేది. చెంగల్రాయుడి కుటుంబాన్ని మరో ఏడు జుట్టున్న తలలతో మళ్లీ పంపించింది, తన లాభం వదులుకుని. వాళ్లు ఒడ్డున దిగి పంపిన ఫొటో చూసుకుని ఆమె ఎంత సంబరపడిందో నేను చూశాను.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకో మధ్యాహ్నం గురించి. అది మే నెల, ఎండకు రోడ్డు మీద మనిషి లేడు. అక్క కొడుకు దిలీప్ క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అప్పటికే కాలేజీ కుర్రాడు, మీసాలు వచ్చాయి. అన్నం కలుపుతుండగా నేను మామూలుగా, "అక్కా, ఇన్ని బీచీలకు అందర్నీ పంపిస్తావే, దిలీప్‌కు ఏది బాగా నచ్చింది?" అని అడిగాను. ఆమె ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"వాణ్ణి యాడికీ తీసకపోలేదు మే" అంది. "నేను పోయినాను, రిసార్టులోళ్లు మా ఏజెంట్లను పిలిస్తే, ఒక్కదాన్నే పోయి రూములు సూసొచ్చినాను. వాణ్ణి తీసకపోలేదు." ఎందుకని అడగాల్సిన పని లేదు. పిల్లలకు బడి సెలవులంటే మాకు సీజన్. ఏడాది గడవాలంటే ఆ రెండు నెలల్లో సంపాదించుకోవాలి. "పరీక్షలు అయిపోతానే ఈడికొచ్చి, ఆ కుర్చీలో కూసోని, అమా, ఈ యేడన్నా మనం పోదామా అని అడగతా ఉండె. సీజన్ అయిపోనీ నాయనా అంటా ఉంటి. సీజన్ అయిపోయే తలికి బడి తెరిసేస్తారు. ఏ యేడో ఒగ యేడు వాడు అడగలేదు. నాకు తెలీలేదు మే. ఆ యేడు పని ఎక్కువుండాది, వాడు అడగకపోతే మేలే అనుకోనుంటాను. ఎప్పుడో శానాళ్లకు గ్యాపకం వచ్చింది, వీడు అడగడం మానుకున్యాడే అని."

తర్వాత ఆమే అడిగిందట, పోదాం పద నాయనా, ఈసారి ఆఫీసు మూసేస్తాను అని. దిలీప్ ఫోన్లోంచి తల ఎత్తి, "ఇప్పుడెందుకుమా, ఫ్రెండ్సుతో గోవా పోతా ఉండాను కదా" అన్నాడట. కోపంతో అన్నది కాదు, నిజంగానే అతనికి అక్కర్లేదు. అది చెబుతూ అక్క నవ్వడానికి ప్రయత్నించింది. "వాడు అలిగుంటే బతిమాలి తీసకపోదును. అలగనన్నా లేదే" అంది. ఆమె గొంతు అలా పలకడం నేను అంతకుముందు వినలేదు. ఊళ్లో పిల్లలందరి నిద్రవేళలూ తెలిసిన మనిషి, తన బిడ్డ అడగడం మానుకున్న రోజు ఏదో తెలియక కూర్చుంది. నాకప్పుడు పెళ్లి కాలేదు. జాలి పడ్డాను గానీ, అది నాదాకా వచ్చే మాట అనుకోలేదు.

జబ్బుపడ్డాక ఆమె ఆఫీసు నాకప్పగించింది. ఇప్పుడు ఆ కుర్చీలు నావి, ఆ సీజనూ నాదే. మా పాప లాస్య రెండో తరగతి పూర్తి చేసింది, చిన్నవాడు ఇంకా బడికి పోవడం లేదు. లాస్య కూడా సెలవులివ్వగానే ఆఫీసుకొచ్చి, "అమ్మా, మన టికెట్ ఎప్పుడు?" అనేది. "సీజన్ అయిపోనీ" అని నేను ఆ మాటే, అక్షరం తేడా లేకుండా, రెండేళ్లు చెప్పాను. మా ఆయన, "మన ఇంట్లో అందరికీ సముద్రం వాల్‌పేపర్లోనే" అని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకున్నాను.

నిన్న ఆ గుండు పిల్లవాణ్ణి కుర్చీలో ఎక్కించి, నీళ్లంటే భయమా అని అడుగుతున్నాను. లాస్య పక్క బల్ల దగ్గర బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. వారం నుంచీ రోజూ వస్తోంది, రంగులు వేసుకుంటోంది, ఇంటికి పోతోంది. ఈ ఏడు అడగలేదన్న సంగతి అప్పుడు తట్టింది. వచ్చినవాళ్లకు ఏం చెప్పి పంపానో సరిగ్గా గుర్తు లేదు. వాళ్లు మెట్లు దిగగానే దాని పక్కన కూర్చుని, "సముద్రం దగ్గరికి పోదామా, మనం నలుగురం?" అని అడిగాను.

అది రంగు పెన్సిలు ఆపకుండానే, "సీజన్ కదమ్మా" అంది.

నాకు ఏడుపు వచ్చింది, దాని ముందు ఏడవలేదు. ఆ పూటే నాలుగు టికెట్లు తీసుకున్నాను, మే నెల నడిమధ్య తేదీలకే. ఆ వారం ఆఫీసు మూసి ఉంటుందని తెలిసినవాళ్లందరికీ చెప్పేశాను. మా ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమోనని చూశాడు. లాస్య ముందు నమ్మలేదు, టికెట్ల మీద తన పేరు కూడబలుక్కుని చదువుకున్నాక నమ్మింది. ఇక మొదలుపెట్టింది. ఈ రోజు పొద్దున జడ వేస్తుంటే అరడజను ప్రశ్నలు వేసింది. అక్కడ చేపలు కరుస్తాయా, తమ్ముడిని ఎవరు ఎత్తుకోవాలి, నువ్వు ఫోన్ ఎత్తుతావా. ఎత్తనని చెప్పాను. అంతలోనే, "వచ్చే యేడు కూడా పోదామా అమ్మా?" అంది. సీజన్ ఎలా ఉంటుందో చూసి, అని నోటి చివరి దాకా వచ్చేసింది. మింగేసి, జడ గట్టిగా బిగించి, పోదాం అన్నాను.