పదమూడు మూరల నీళ్లు

సంజీవయ్య ఇంజన్ల అంగడివాళ్ల దగ్గర దుడ్లు తిని, సొంత అక్కకే చేతకాని ఇంజను అంటగట్టాడని శిరివెళ్ల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సుల్లో చెప్పుకున్నారు. చెప్పినవాళ్లలో సగం మంది ఆ ఇంజనును కంటితో కూడా చూడలేదు. జరిగింది వేరు.

సంజీవయ్యకు నంద్యాలలో ఆయిలు ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. అతని అక్క రాములమ్మను శిరివెళ్ల దగ్గరి పల్లెలో రామయ్యకు ఇచ్చారు. కాలువ అందని పొలం వాళ్లది. బావి కింద అరటితోట, తోడేందుకు కపిల, దాన్ని లాగేందుకు రెండు జతల ఎద్దులు. యాభై ఆరో సంవత్సరం కార్తీకంలో రామయ్య ఇంజను పెట్టాలనుకున్నాడు. ఎన్ని గుర్రాల బలమున్న ఇంజను కావాలో తేల్చాలంటే నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చెప్పమని బావమరిది కబురు పెట్టాడు. రామయ్య అప్పుడు జ్వరంతో మంచం మీద ఉన్నాడు. రాములమ్మే కపిల మోకును నీళ్లు తగిలేదాకా వదిలి, పైకి లాగి మూరలు వేసి చూసింది. పదమూడు. బస్సు డ్రైవరుతో చెప్పి పంపింది గానీ కొలిచింది తానని ఇంట్లో నోరు విప్పలేదు. మగవాళ్ల పనిలో వేలుపెట్టి కోడలు బావిలోకి వంగిందని తెలిస్తే అత్త నాగేశ్వరమ్మ ఊరుకునే మనిషి కాదు.

సంజీవయ్య లెక్క కట్టాడు. పదమూడు మూరలంటే దాదాపు ఇరవై అడుగులు. నిమిషానికి రెండు వందల గ్యాలన్లు కావాలి, గ్యాలను పది పౌన్ల బరువు. రెండు వేల పౌన్లు ఇరవై అడుగులు ఎక్కితే నలభై వేలు. ముప్పై మూడు వేలకు ఒక గుర్రం చొప్పున చూస్తే ఒకటింబావు లోపే. బెల్టూ పంపూ కలిసి సగం తినేస్తాయి. మూడు గుర్రాలది చాలు, అంతకన్నా పెద్దది పెడితే ఊరికే ఆయిలు తాగుతుందన్నాడు. ఆ చలికాలమంతా తోట మడుగులా తడిసింది. ఇంకెందుకని రామయ్య ఎద్దుల్ని అమ్మేశాడు.

చైత్రం వచ్చేసరికి నీళ్లు రెట్టింపు లోతుకు దిగిపోయాయి. పంపును బావిలో కింది గట్టుకు దించారు. ఎత్తు రెట్టింపైతే గుర్రాలూ రెట్టింపు కావాలి గదా, ఉన్నవి మూడే. వేలంత ధార వచ్చింది. వేగం పెంచితే ఇంజను నల్లపొగ కక్కి ఆగిపోయింది. గెల వేసిన చెట్లు నడుములు విరిగి పడ్డాయి.

నాగేశ్వరమ్మ ఎద్దులూ తోటా అన్నీ కలిపి సంజీవయ్యను కడిగేసింది, అంగడివాళ్ల దగ్గర దుడ్లు తిన్నాడంది. అతను ఈ గడప తొక్కకూడదంది. వైశాఖంలో అహోబిలంలో రాములమ్మ పిల్లవాడి పుట్టువెంట్రుకలు తీయించాలి. మేనమామ తొడమీద కూర్చోబెట్టి తీయించే ఆనవాయితీ. దానికీ మేనమామ వరసైన వాడినొకణ్ణి ఆమే వెతికిపెట్టింది. రాములమ్మకు అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా తాను మూరలు వేసిన ఆ మోకే గుర్తుకొచ్చేది.

తట్టుకోలేక ఒకరోజు నంద్యాల బస్సెక్కింది. షెడ్డులో ఒక్క రైతూ లేడు. తమ్ముడు ఒంటరిగా పిస్టను తుడుస్తున్నాడు.

"మూడు గుర్రాలని యెట్ల చెప్తివిరా?" అంది.

"నువ్వు పంపిన కొలతకు మూడే వస్తాది."

"కార్తీకంలో కొలిస్తి. బాయి నిండా నీళ్లుండె."

"ఎండకాలంలో యాడికి దిగుతాయని నేను అడగాల్సింది. అడగలే. బాయి మీది, మీకు తెలుసులే అనుకుంటి."

రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కొలిచింది నేనని మా అత్తకు చెప్పేదా? నువ్వు దుడ్లు తింటివనే మాటన్నా పోతాది," అంది.

అతను పిస్టను కింద పెట్టాడు.

"చెప్తే నా షెడ్డుకు రైతులు మళ్లా వస్తారేమో. నిన్ను మాత్రం ఆ ఇంట్లో దినామూ కాల్చుకు తింటారు. తప్పు నాదేనని చెప్పు, నేనేం ఆ ఇంట్లో కాపురం చేస్తాండానా? పిల్లోన్ని యెవురి తొడమీద కూర్చోబెట్టినా యెంటికలు తీయచ్చులే అక్కా."