కింది స్క్రూకు ముందు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక వానాకాలం, వరంగల్‌లోని పెద్ద దవాఖానలో నేను ఎముకల విభాగం యూనిట్ చీఫ్‌గా ఉన్నాను. ఆ గురువారం ఆపరేషన్ల జాబితాలో మొదటి పేరు హుస్సేన్‌బీది. అరవై దాటిన మనిషి, కొత్తవాడలో నేల మీద పరిచే దర్రీలు నేస్తుంది. తడి గచ్చు మీద జారిపడి కుడి చేతి ఎముకను భుజానికి కాస్త కింద విరగ్గొట్టుకుంది.

ముందురోజు రౌండ్స్‌లో ఆమె అడిగింది ఒక్కటే, మళ్లీ పంజా పట్టగలనా అని. పంజా అంటే మగ్గం మీద పేక నూలును కొట్టి బిగించే ఇనుప పళ్ల పనిముట్టు. అది పట్టలేకపోతే మగ్గం దగ్గర తన చోట ఇంకొకరు కూర్చుంటారని, ఇంకో పని తనకు రాదని చెప్పింది. తప్పకుండా పట్టగలవని మాటిచ్చాను. నా పనితనం మీద నాకు అప్పట్లో నమ్మకం కాస్త ఎక్కువే.

ఇలా విరిగినప్పుడు ఎముక బోలులోకి నెయిల్ దించుతాం. నెయిల్ అంటే గోడకు కొట్టే మేకు కాదు, జానెడుకు కొంచెం తక్కువ పొడవున్న లోహపు కడ్డీ. భుజం మీద చిన్న గాటు పెట్టి, ఎముక తలలో రంధ్రం చేసి పైనుంచి దించుతాం. ముందు పైముక్కకు స్క్రూలు వేస్తాం, తర్వాత కింది ముక్కకు. కింది స్క్రూలు పడేదాకా మోచేయితో సహా చెయ్యంతా ఆ కడ్డీ చుట్టూ తిరుగుతుంది. పడ్డాక ఏ కోణంలో బిగిస్తే ఆ కోణమే.

ఆమె గుండె అంతంతమాత్రం. అందుకని పూర్తి మత్తు వద్దని మత్తు డాక్టర్ సుజాత గారు మెడ దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి చెయ్యి ఒక్కదాన్నే మొద్దుబార్చారు. సగం కూర్చున్నట్టు జారగిలబెట్టి, మెడ దగ్గర ఆకుపచ్చ గుడ్డ తెర కట్టాం. అటు ఆమె ముఖం, సుజాత గారు. ఇటు భుజం, నేను, చెయ్యి పట్టుకున్న పీజీ డాక్టరు. మోచేయి కింద అంతా తెల్ల గుడ్డ చుట్టి ఉంది.

పై స్క్రూలు అయ్యాక తెర అవతలి నుంచి ఆమె గొంతు వినిపించింది. తన చెయ్యి ఒడిలో ఉందంటోంది. ఇది మాకు కొత్త కాదు. మొద్దుబారక ముందు చెయ్యి ఎక్కడుందో ఇంకా అక్కడే ఉందని మెదడు అనుకుంటుంది. సుజాత గారు అదే సర్దిచెప్పారు. నేను డ్రిల్లు అందుకున్నాను.

"నా చెయ్యి నా ఒళ్లనే ఉన్నది. మరి గీ చెయ్యి ఎవలది సారూ?"

తెర ఇవతల ఏముందో ఆమెకు కనిపించే వీలు లేదు. పీజీ డాక్టరు తన చేతుల్లోని తెల్ల గుడ్డను చూస్తూ నిలబడిపోయాడు.

"గిది నాది కాదు. నా చెయ్యి గిట్ల లోపలికి తిరగదు."

ఆ గొంతులో భయం లేదు, దుకాణంలో గుడ్డ చూసి వద్దన్నట్టు చెప్పింది. నాకే భయమేసింది. భయమేస్తే కోప్పడటం నా అలవాటు. కాస్త మందు ఎక్కించి ఆమెను పడుకోబెట్టమని గట్టిగా చెప్పాను. బీపీ పడిపోతోంది, రెండు నిమిషాలు ఆగమన్నారు సుజాత గారు.

ఊరికే నిలబడలేక మోచేయి వంచి చూశాను. నెయిల్ దించే పరికరానికి పక్కన ఒక సన్న పుల్ల ఉంటుంది. వంచిన ముంజేయి దానికి సమాంతరంగా నిలవాలి. అది చూడకుండా డ్రిల్లు పట్టవద్దని పీజీలకు పాఠం చెప్పేది నేనే. ముంజేయి పొట్టవైపుకు బాగా తిరిగిపోయి ఉంది. అంతకుముందు ఎక్స్‌రే బొమ్మ సరిగ్గా రావాలని చెయ్యి తిప్పమన్నదీ, తిరిగి వెనక్కి తెమ్మనడం మరిచిందీ నేనే.

సరిచేసి రెండు స్క్రూలూ వేశాను. ఇప్పుడెలా ఉందమ్మా అని అడిగాను.

"గిప్పుడు నాదే," అంది.

జాబితా ముగిసి గది ఖాళీ అయ్యాక, ఆమెకు ఏం కనిపించి ఉంటుందో చూద్దామని నేనే అదే బల్ల మీద అలాగే జారగిలబడి, సిస్టర్‌తో తెర కట్టించి పైదీపం వేయించాను. దీపం అంచున మెరుగుపెట్టిన ఉక్కు పట్టీ ఉంది. అందులో తెర అవతల ఉన్న చెయ్యి ఒకటి, చిన్నగా, తలకిందులుగా కనిపించింది. నాదేనని తెలుసుకోవడానికి వేళ్లు కదిపి చూసుకోవాల్సి వచ్చింది. అది ఏ వైపుకు తిరిగి ఉందో ఎంత చూసినా పోల్చుకోలేకపోయాను. దర్రీకి ముందూ వెనకా ఒకే డిజైన్ కదా, తిరగేసి చూడటం ఆమెకు అలవాటై ఉంటుందని సమాధానపడ్డాను. ఆ సమాధానం సగమే సరిపోయింది.

నాలుగు నెలలకు ఆమె ఓపీకి వచ్చింది. చెయ్యి పూర్తిగా పైకి లేవడం లేదు. ఆ వయసులో అది మామూలే. నా బల్ల మీది పేపర్‌వెయిట్ పట్టుకుని పంజా ఎలా కొడుతోందో చూపించింది, తన చోటు తనకే ఉందని చెప్పింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"నన్ను పండవెట్టుమన్నరు గద సారూ. నేను ఇన్న."

నాకు సిగ్గేసింది. ఆ రోజు గదిలో నా తప్పు చూసింది ఆమె ఒక్కతే. ఆమెనే నిద్రపుచ్చమన్నాను. బీపీ బాగుండి ఉంటే సుజాత గారు మందు ఎక్కించేవారు, నేను ఆ చెయ్యిని అలాగే బిగించేసేవాణ్ణి. రిటైరయ్యేదాకా కింది స్క్రూకు ముందు డ్రిల్లు కిందపెట్టి, ముంజేయి చూసి, రోగి మెలకువగా ఉంటే తెర అవతలికి వెళ్లి పలకరించి వచ్చేవాణ్ణి. దానికి రెండు నిమిషాలు పట్టేది.